ఒక్క రౌండే కదా

“టైరు మీద గోరు పెట్టి చూడండి అంకుల్, పొడి రాలుతోంది. పైగా వాన మొదలైంది. నేనీ పాత రేసు కారు ఎక్కను,” అన్నాడు సాయితేజ.

చలపతి గొడుగు కింద నుంచి కదల్లేదు. “ఒక్క రౌండే కదరా! మెల్లగా తిప్పి తెచ్చెయ్.”

అరగంట కిందట ఇదే చలపతి మైకు పట్టుకుని ఇదే మాట చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

“డెల్ కెండ్రిక్! అమెరికాలో మొక్కజొన్న చేల మధ్య పుట్టాడు. పాల వ్యాను తోలుకుంటూ రేసుల్లోకొచ్చాడు. అక్కడ చలికాలం రేసులుండవని, పొట్ట చేత పట్టుకుని మన ఆస్ట్రేలియా వచ్చాడు. డెబ్బై ఏళ్ళ కిందట ఇదే ట్రాకు, ఇట్టాంటి వానే. టైర్లు అరిగాయి, తోలనన్నాడు. రేసు పెట్టినోడు ఏమన్నాడో తెలుసా? టికెట్లు అమ్ముడైపోయాయి, ఒక్క రౌండే కదా అన్నాడు! అదిగో, ఆ గోడకి కొట్టుకుని పోయాడు. ముప్పై కూడా నిండలేదు. ఆ రోజు ఒక్కడైనా అడ్డం పడుంటే!”

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

కెండ్రిక్ చచ్చిన ఆ బండినే వెతికి కొన్నాడు చలపతి. పాత టైర్లే కావాలని పట్టుబట్టి తెప్పించాడు. క్రాన్‌బర్న్‌లో అతనికి టైర్ల షాపుంది. ‘అరిగిన టైరు ఆయుష్షు తింటుంది’ అని ఆ షాపు గోడ మీద మనిషెత్తు అక్షరాల్లో రాయించాడు. సాయితేజ ఆ షాపులో మెకానిక్కు. బండి బాగుచేసింది అతనే. దాన్ని తోలడం తెలిసిందీ అతనికే.

“కొత్త టైర్లు వ్యాన్‌లో ఉన్నాయి అంకుల్. ఇప్పుడే మార్చేస్తా.”

“కొత్తవేస్తే అది కెండ్రిక్ బండెట్టా అవుద్ది? ఒరిజినల్ చూద్దామని వచ్చారు జనం. లైవ్ కూడా నడుస్తోంది.”

“అయితే మీరే తోలండి.”

చలపతి పొట్ట మీద చరుచుకుని నవ్వాడు. “ఇది అందులో పడుద్దంట్రా?” నవ్వుతూనే గొంతు తగ్గించాడు. “నువ్వీ దేశంలో ఉండిపోవడానికి పెట్టుకున్న పీఆర్ కాగితాల మీద సంతకం పెట్టాల్సిందెవరు?”

“మీరే.”

“సోమవారం పెడదామనుకున్నా. పెట్టనా, మాననా? నువ్వే చెప్పు.”

ఉరితాడు వేసేవాడు కోరమీసంతో రాడు. గొడుగు పట్టుకుని, నవ్వుకుంటూ వస్తాడు.

సంతకం లేకపోతే సాయితేజ నిండు చూలాలైన భార్య లాస్యను వెంటబెట్టుకుని దేశం వదిలిపోవాలి. సంతకం కావాలంటే ముందు ఆ గోడ దాటి రావాలి. హెల్మెట్ తీసుకుని పెట్టుకున్నాడు. పట్టీ బిగించాడు.

“ఆగండి, ఆగండి!” అంటూ పసుపు కుంకుమల పళ్ళెంతో పరుగెత్తుకొచ్చింది చలపతి భార్య సత్యభామ. “మనిషి పోయిన బండండీ ఇది. పూజ చెయ్యకుండా కదలనిస్తానా?” బండికి బొట్టు పెట్టి, హారతిచ్చి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టింది.

మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికింది.

“ఆంటీ! నిమ్మకాయలు ఓనర్ గారే తొక్కించాలి కదా? పనివాడు తొక్కిస్తే పూజ ఫలం పనివాడికే పోద్దంటారు,” అన్నాడు సాయితేజ, అందరికీ వినపడేలా.

“అయ్యో, అవును కదూ! ఏవండీ, మీరెక్కండి.”

“నేనా?”

“మీరు కాక పక్కింటాయన ఎక్కుతాడా?”

సెల్‌ఫోన్లన్నీ చలపతి వైపు తిరిగాయి. “ఎక్కు చలపతన్నా! పొట్ట లోపలికి పీల్చు!” అని కేకలు, ఈలలు. ఇద్దరు భుజాలు పట్టి అతన్ని సీట్లోకి కూరారు. ఇంజన్ గర్జించింది. నిమ్మకాయలు చితికాయి. నాలుగడుగులు పోయి ఆగాల్సిన బండి. చలపతి కంగారులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు.

తడి తారు మీద ఆ టైర్లు సబ్బుబిళ్ళల్లా జారాయి. బండి వెనకభాగం గిర్రున తిరిగింది. సత్యభామ చేతిలో పళ్ళెం ఎగిరి పడింది. బండి అడ్డంగా జారుతూ పోయి, కెండ్రిక్‌ని మింగిన గోడకి జానెడు దూరంలో ఆగింది.

అందరికంటే ముందు పరుగెత్తింది సాయితేజే. చంకల్లో చేతులేసి చలపతిని బయటికి లాగాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. గోడను చూశాడు, టైర్లను చూశాడు, సాయితేజ భుజం పట్టుకుని భోరుమన్నాడు.

“చచ్చేవాణ్ణిరా! నువ్వు మొత్తుకుంటానే ఉన్నావు. నేనే విన్లేదు.”

“పర్లేదు అంకుల్. బతికారు, అదే చాలు.” సాయితేజకి కూడా ఏడుపొచ్చింది. హెల్మెట్ పట్టీ విప్పబోయాడు.

చలపతి చటుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు.

“తియ్యకు. బండికున్న గండం నాతో పోయింది. ఎక్కరా, ఒక్క రౌండే కదా!”