జంటల పోటీ

"నీ నీడ దాని మీద పడుతోంది. కూర్చోవే!" అన్నాడు హోయ్ట్, పడవ ముందు భాగం నుంచి, వెనక్కి తిరగకుండానే.

డార్లీన్ కూర్చుంది. పొద్దున్నుంచీ ఇదే వరస. నిలబడితే నీడంటాడు. కూర్చుంటే వల అందుకోవడం ఆలస్యమవుతుందంటాడు. దగ్గితే చేప బెదురుతుందంటాడు. తను మాత్రం కాలి కింద చిన్న మోటారును బర్రుమనిపిస్తూనే ఉంటాడు. ఆమెకు ఒళ్ళు మండిపోతోంది.

ఏప్రిల్ నెల. గట్టు మీద డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా పూశాయి. అలబామాలో ఆ పూలు విచ్చుకున్నాయంటే, బాస్ చేపలు ఒడ్డువారకు వచ్చి గులకరాళ్ళ మీద గూళ్ళు పెట్టుకున్నాయన్నమాటే. ఏటా ఆ వారంలోనే సరస్సు మీద జంటల పోటీ. పడవకి ఒక మగ, ఒక ఆడ. ఐదు చేపల్ని ప్రాణాలతో తూకానికి తేవాలి, తూచాక నీళ్ళలో వదిలేయాలి. వరసగా మూడేళ్ళూ టిడ్‌వెల్ దంపతులే గెలిచారు. మూడేళ్ళూ వీళ్ళది రెండో స్థానమే. ఈసారి కూడా ఓడిపోతే ఇక జన్మలో గాలం ముట్టనని డార్లీన్ ఒట్టు పెట్టుకుంది.

పడవలోని నీళ్ళతొట్టిలో నాలుగు చేపలున్నాయి. ఐదోది ఎదురుగా ఊరిస్తోంది. పాత రేవు గుంజ పక్కన, పళ్ళెమంత గూటి మీద, బాగా బలిసిన ఆడ బాస్. అది దక్కితే గెలుపు ఖాయం.

కానీ గూటి మీదున్న చేపకు ఆకలుండదు, కోపమే ఉంటుంది. గుడ్లు తినడానికి నీటిబల్లి వచ్చిందనుకుని, నోట కరిచి అవతల పారేస్తుంది. సరిగ్గా అప్పుడే లాగాలి. అందుకని హోయ్ట్ గాలానికి రబ్బరు బల్లిని కట్టి విసురుతున్నాడు, చేప దాని మొహమైనా చూడకుండా పక్కకు జరుగుతోంది, మళ్ళీ వస్తోంది, అతను మళ్ళీ విసురుతున్నాడు.

"నల్ల బల్లి నీళ్ళలో నీకేం కనబడుతుంది? తెల్లది కట్టు," అంది డార్లీన్.

"నాకు నేర్పకు."

"నేర్పితే నేర్చుకునే రకమైతే కదా!"

"పెళ్ళినాడే చెప్పాడు మీ నాన్న, దీన్ని పడవెక్కించకురా అని. విన్నానా?"

"మా నాన్న నాకూ చెప్పాడులే. నేనూ వినలేదు."

ఎండ నెత్తికెక్కింది. హోయ్ట్ ఒక చేత్తో గేలపు కర్ర పట్టుకుని, రెండో చేత్తో శాండ్‌విచ్ తీశాడు.

"పచ్చి ఉల్లిపాయలా? నీకు పడవుగా?"

"అలవాటైంది."

డార్లీన్ మూతి తిప్పుకుంది. శాండ్‌విచ్ తినడం అయ్యాక హోయ్ట్ ఆమెకు వీపు అడ్డం పెట్టి, చడీచప్పుడూ లేకుండా తెల్ల బల్లిని కట్టాడు. ఆమె చూసింది. చూడనట్టే ఊరుకుంది.

విసిరాడు. తెల్ల బల్లి గూటి నడుమ పడింది. మరుక్షణం అది మాయమైంది.

"పట్టింది! వల! వల!"

కర్ర విల్లులా వంగింది. డార్లీన్ ఒక్క ఉదుటున వలతో లేచింది.

"తలవైపు పెట్టవే, తోకవైపు కాదు!"

"తల నావైపు తిప్పితే కదా పెట్టేది!"

చేప నీళ్ళ మీదికి ఎగిరింది. దారం వల అంచుకు తగులుకుంది. ఠప్పున తెగింది. గూడు దగ్గర బురద లేచింది, అంతే. చేతికందింది నోటికందలేదు.

"నీ వల్లే," అన్నారిద్దరూ ఒకేసారి.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట! చేపను తిప్పలేక వలను తిడతావేం?" అంది డార్లీన్. ఇంకో నిమిషం నోరు మూసుకుని పని చేసుకుంటే గెలిచేవాళ్ళు. ఒక్క నిమిషం! అదే ఇద్దరికీ చేతకాలేదు.

ఐదో చేపగా ఏదో బక్కదాన్ని పట్టుకుని తూకానికి వెళ్ళారు. ఓడిపోయారు. తేడా కోడిగుడ్డంత బరువు.

"మీ కేకలు అవతలి గట్టుకి కూడా వినబడ్డాయి తల్లీ," అంది టిడ్‌వెల్ భార్య, కప్పును చంకలో పెట్టుకుని. "మీరిద్దరూ నోళ్ళు మూసుకున్న ఏడాది మేం పోటీకే రాం."

రేవు దగ్గర హోయ్ట్ తడి వలను మడుస్తూ నిలబడ్డాడు.

"చూడు డార్లీన్, వచ్చే ఏడాది..."

"వచ్చే ఏడాదీ లేదు, ఆ పై ఏడాదీ లేదు. ఒట్టు పెట్టుకున్నాను."

"నువ్వు రాకపోతే నేను మాత్రం ఎవరితో వెళ్ళను?" అన్నాడతను, గొంతు తగ్గించి. "తెల్ల బల్లి అని చెప్పగలిగేది ఇంకెవరు?"

ఆ మాటేదో పొద్దున్నే అని ఉంటే నీ సొమ్మేం పోయేదనిపించింది డార్లీన్‌కి. ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. ఏదీ బయటపడనివ్వలేదు.

"ముందు ఆ దిక్కుమాలిన వలను పారేసి కొత్తది కొను," అంది. "మార్చిలో ఓసారి గుర్తుచెయ్యి."

విసవిసా నడిచి వెళ్ళి, ట్రక్కు ఎక్కి, తలుపు దఢాలున వేసింది.

"ఏడాదికి ఒక్కరోజు వేగలేకపోతున్నావు, ఆ మనిషితో పద్దెనిమిదేళ్ళు కాపురం ఎలా చేశావే?" అన్నాడు, ఆమె కోసం సాయంత్రం నుంచీ ట్రక్కులో ఎదురుచూస్తున్న ఆమె భర్త గ్లెన్.