బరువు తగ్గించిన కారు

ఆరు గంటల పాటు సాగిన కార్ల పందెంలో మా ఆయన ఆదర్శ్ జట్టు ఆఖరున వచ్చింది. అయినా హైటెక్ సిటీ ఆఫీసు మిత్రులు అతన్ని భుజాలకెత్తుకుని సెల్ఫీలు దిగారు. ఖాజాగూడ దగ్గర యూటర్న్ తీసుకోవాలంటే చెమటలు పట్టే మొనగాళ్లు వీళ్లంతా.

పాత చవక కార్లకే ఈ పందెం. కాబట్టి మొదటి ఉద్యోగంలో నేను కొనుక్కున్న మారుతీ వీళ్ల కంట పడింది. బరువు తగ్గాలంటూ డ్రైవరు సీటు తప్ప అన్ని సీట్లూ పీకేశారు. టైర్ల కింద నిమ్మకాయలు మాత్రం నాచేతే పెట్టించారు.

“డొక్కుదైనా ఆఖరిదాకా లాగింది. ఇంటికి దీన్లోనే వెళ్లిపోదాం జయంతీ,” అన్నాడు ఆదర్శ్.

“నేనెక్కడ కూర్చోను?”

అతను అప్పుడు లోపలికి తొంగి చూశాడు.

“అరె, నీ సంగతే గుర్తు రాలేదు. క్యాబ్ బుక్ చేసుకో.”

“తాళం ఇలా ఇవ్వు, డిక్కీలో నా బ్యాగుంది.”

బ్యాగు తీసుకున్నాను. ఉన్న ఒక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను.

“జయంతీ, మరి నేనో?”

“క్యాబ్ బుక్ చేసుకో.”

బరువు తగ్గించడం మంచి ఆలోచనే. నిజాంపేటలో మా ఇంటిదాకా కారు ఎంత తేలిగ్గా వచ్చిందో.