తప్పనిసరి గడి

ఇరవై ముగ్గురు పిల్లలు లెక్కకు రావడం లేదు.

పడవల వాళ్ళు వరద శిబిరాలకు చేర్చింది రెండు వందల పద్నాలుగు మంది పిల్లల్ని. కంప్యూటర్ జాబితాలో ఉన్నది నూట తొంభై ఒక్కరే. దారులు తెగిపోయాయి. శిబిరాల్లో ఫోన్లు పలకడం లేదు. అక్కడ నింపిన ఫారాలు మాత్రం రోజుకోసారి వచ్చి డేటాబేస్‌లో పడుతున్నాయి.

ఆ డేటాబేస్‌కు నమూనా గీసిన డిజైనరు ఆరు రోజులుగా ఆఫీసు వదల్లేదు. గోడ మీద అతను గీసిన పటం, ఎదురుగా తెర. ఫారంలో ఏ గడి ఎలా ఉండాలో పటంలో చూడటం, తెర మీద అలాగే ఉందా అని వెతకడం. మాసిన గడ్డం, మండుతున్న కళ్ళు.

ఫోన్ మోగింది. భార్య.

"దొరికిందా?"

"ఇంకా లేదు. వెతుకుతున్నా."

ఆమె ఫోన్ పెట్టేసింది.

"కాసేపు ఇంటికెళ్ళి రండి, పాపం ఆవిడ ఒక్కరే ఉన్నారు," అంది మేనేజరు. "పన్నెండింటికి కొత్త వెర్షన్ ఎక్కించేస్తాం. పాత తప్పుల ఫైళ్ళన్నీ తుడిచేస్తారు. ఆ తేడా సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాత కాదండీ! మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ తేడా తేలేదాకా దేన్నీ ముట్టుకోనివ్వకండి."

హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. వెంటనే వాలిపోయాయి.

పదకొండున్నరకు కంటబడింది. సంరక్షకుల పేరు రాసే గడి. పటంలో అది ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. డేటాబేస్‌లో మాత్రం తప్పనిసరి.

"ఇదెవరు మార్చారు?"

ప్రోగ్రామరు లేచి నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనే అన్నా. మూడో విడత మార్పుల్లో. సరుకులు కుటుంబాల వారీగా పంచాలన్నారు కదా, పెద్దవాళ్ళ పేరు లేకపోతే లెక్క కుదరడం లేదని... పటంలో దిద్దడం మర్చిపోయా."

అంటే, పెద్దల తోడు లేకుండా శిబిరం చేరిన ప్రతి పిల్లనూ, పిల్లాణ్ణీ డేటాబేస్ వెనక్కి నెట్టేసింది. ఆ ఫారాలన్నీ తప్పుల ఫైలులో పడి ఉన్నాయి. పన్నెండింటికి తుడిచేసేది ఆ ఫైలునే.

ఆమెను తిట్టే తీరిక లేదు. రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారికి ఆ షరతు తీసేశాడు. ఫైలు మళ్ళీ ఎక్కించాడు.

పదకొండు యాభై రెండు. వరుసలు ఒక్కొక్కటే రాసాగాయి. చూపు ఆనక ప్రోగ్రామరును చదవమన్నాడు.

"పదేళ్ళ పిల్లాడు. అన్నదమ్ములిద్దరు. పేరు చెప్పలేని పసివాడు..."

అతను బల్ల అంచు పట్టుకుని వింటున్నాడు.

"పంతొమ్మిదో వరుస. ఆడపిల్ల. ఆరేళ్ళు. ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ..."

ఆ పేరు పైకి చదవలేక ఆమె తెర అతని వైపు తిప్పింది.

అతను ఉన్నచోటనే నేల మీద కూలబడి, భార్యకు ఫోన్ కలిపి అన్నాడు: "మన పాప బతికే ఉందే."