నడుము తిప్పితే రిపోర్టు

ఒక తేనెపట్టులో పనంతా ఆడ ఈగలది, మీటింగులన్నీ పోతుటీగలవి. పోతుటీగలంటే మగ ఈగలు. వాటికి కుట్టడానికి ముల్లు లేకపోయినా ఉపన్యాసానికి లోటు లేదు.

ఆ ఎండాకాలం చుట్టుపక్కల పూలన్నీ మాడిపోయాయి. పిల్లలకు ఒక్క పూటకు సరిపడా తేనే మిగిలింది. కొత్త పూలు ఎక్కడ వెతకాలా అని అధ్యక్షులు గుబ్బయ్యగారు సభ పెట్టి, గొంతు సవరించుకున్నారు.

అంతలో జుమ్మి అనే ఆడ ఈగ రివ్వున వచ్చి వాలింది. సభ మధ్యలో నడుము ఊపుతూ గిరగిరా తిరగడం మొదలుపెట్టింది.

"ఏంటమ్మా ఈ కులుకులు? ఇది సభా, పెళ్లి ఊరేగింపా?" అని కసిరారు గుబ్బయ్యగారు. "ముందు నోటితో చెప్పడం నేర్చుకో!"

"ఇదే రిపోర్టు బాబాయ్! నేను ఎటు తిరిగితే అటు పూలు, ఎంతసేపు ఊగితే అంత దూరం. మావాళ్లందరికీ అర్థమైపోయింది, చూడండి."

చూస్తే ఏముంది, ఆడ ఈగలన్నీ అప్పటికే దూరాన విరగబూసిన కానుగతోపు దారి పట్టాయి! సాయంత్రానికల్లా అరలు నిండాయి, పిల్లల కడుపులూ నిండాయి.

గుబ్బయ్యగారు మూతికంటిన తేనె తుడుచుకుని, ఉదారంగా ప్రకటించారు. "రేపటి నుంచి జుమ్మికీ నా పక్కన ఒక కుర్చీ!"

"కుర్చీలో కూర్చుని నడుమెలా తిప్పను బాబాయ్? మీరే కాస్త లేచి, మీ కుర్చీ పక్కకు జరపండి. రేపటి రిపోర్టు పెద్దది, చోటు చాలదు."