పాత కెమెరాకు వెనక తెర

"వెనక తెర మాత్రం పెట్టకు" అని టిమోతి ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లాడు. శాంతిరాజ్ పెట్టేశాడు.

శాంతిరాజ్‌కు గోదావరిఖనిలో ఫోన్లు, కెమెరాలు బాగుచేసే దుకాణం ఉంది. టిమోతి తన పాత రీలు కెమెరాను డిజిటల్ చేయమని అతనికి ఇచ్చాడు. రీలు ఉండే చోట కొత్త పరికరం బిగించి, కార్డు పెట్టి, తీసిన ఫోటో వెంటనే కనబడేలా చిన్న తెర కూడా అమర్చాడు శాంతిరాజ్. పెద్దాయన మొహమాటానికి వద్దన్నాడనుకున్నాడు పాపం.

తెర చూడగానే టిమోతికి చెమటలు పట్టాయి. తీసెయ్యమని బతిమాలాడు.

"తీస్తే మొత్తం ఊడొస్తది, కాకా. నీకేం ఫికర్, ఎవరి ఫోటో వాళ్లకు అప్పటికప్పుడే చూపియ్యొచ్చు."

టిమోతి ఫికరు సరిగ్గా అదే.

గని కార్మికుల ఇళ్లలో ఏ పెళ్లయినా ఫోటోలు టిమోతివే. బంతిలో చిట్టచివర కూర్చున్నవాడి ముందు కూడా ఆగి ఫ్లాష్ కొడతాడని ఆయనకు గొప్ప పేరు. ఆ పేరు వెనక ఉన్న సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. అవి పెళ్లివారికీ పాస్టరుగారికీ చాలవు. అందుకని మిగతా జనం ముందు ఫ్లాష్ మీదున్న బుల్లి బటన్ నొక్కేవాడు. వెలుగు వచ్చేది, ఫోటో పడేది కాదు. జనం నవ్వేవాళ్లు, ఆయనా నవ్వేవాడు.

ఇప్పుడు ఈ తెర చూసి, మా పాత ఫోటోలన్నీ ఏవని వాళ్లు అడిగితే? ఇన్నేళ్ల పేరు ఒక్క పూటలో గంగలో కలుస్తుంది.

పోనీ రీలుతోనే కానిద్దామంటే, దాన్ని కడిగే ల్యాబు మంచిర్యాలలో కూడా లేకుండా పోయింది. బుధవారం సుగుణమణి మనవరాలు హన్నా పెళ్లి. కూతురి పెళ్లి తీసిన కెమెరాతోనే మనవరాలి పెళ్లీ తీయాలని సుగుణమణి పట్టు. ఆ సాయంత్రానికే ఫోటోలు అందరి ఫోన్లలోకి రావాలని హన్నా పట్టు.

టిమోతి బాగా ఆలోచించాడు. కార్డులో ఎన్ని ఫోటోలైనా పడతాయట. అయితే ఈసారి ఒక్కరినీ వదలకుండా నిజంగానే తీయాలి. అడగకముందే చూపించాలి. చేసిన పాపం కొంతైనా కరుగుతుంది. అలా అనుకున్నాక మనసు తేలికపడింది.

పనిరోజైనా పెళ్లికి హాలు నిండిపోయింది. బగారా అన్నం, మటన్‌తో బంతి మొదలైంది. టిమోతి ముందుగా ఎల్లేశం దగ్గర ఆగాడు. ఎల్లేశం గనిలో పనిచేస్తాడు. టిమోతి ఫ్లాష్ పడకుండా అతను తిన్న పెళ్లి భోజనం లేదు. అలవాటుగా కాలరు సర్దుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. టిమోతి అసలు బటనే నొక్కి, కెమెరా తిప్పి తెర చూపించాడు.

ఎల్లేశం నోట్లో ముక్క నోట్లోనే ఆగిపోయింది. పక్కవాడు తొంగిచూసి కర్చీఫు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ పక్కవాడు, పడిపోని గ్లాసు వెతుక్కుంటూ బల్ల కిందికి పోయాడు. వరస వరసంతా గుసగుసలు.

అయిపోయింది, దొరికిపోయాను అనుకున్నాడు టిమోతి.

ఎల్లేశం ఎంగిలి చేత్తోనే లేచి వచ్చి, ఆయన్ని చేతులు కడుక్కునే చోటికి లాక్కెళ్లాడు. అతను నోరు విప్పకముందే టిమోతి దండం పెట్టేశాడు.

"తప్పయింది తమ్మీ. ఇన్నేండ్లు మీ ముందర ఉత్త ఫ్లాషే కొట్టిన."

ఎల్లేశం అటూ ఇటూ చూసి, ఆయన చెవిలో అన్నాడు.

"గది మాకు మొదటి సంది ఎరుకే అన్న, నీ కెమెరాల పడమన్న ధైర్యంతోనే గద, సిక్ లీవు పెట్టి దవాఖాన్ల ఉండాల్సినోళ్లమంత పెండ్లిళ్లకచ్చి గింత నిమ్మలంగ నవ్వింది."