చప్పిడి చేపల విందు

"మిరపకాయ వద్దు, చింతపండు వద్దు. ఇంక దీన్ని చేపలకూర అని ఎట్టంటారు? జొరమొచ్చినోళ్ల పథ్యమనండి!" అంది రెబెక్కమ్మ, గరిటె గిన్నె అంచుకేసి కొడుతూ.

ఆమె భర్త పేరు సమాధానం, ఆ ఊరి క్రైస్తవుల గుడికి ఉపదేశి. పొద్దున్నుంచి వంటింటి గుమ్మం వదల్లేదు.

"దొర చెప్పినాడు గదా. వాళ్ల తెల్ల ద్రాక్షసారాయి కాస్త తీపి, కాస్త పులుపంట. కారం తగిలితే దాని రుచి చచ్చిపోతుందంట. వంజరం ముక్కలకు వెన్న పూసి నిమ్మకాయ పిండు. రొయ్యలు కొబ్బరిపాలలో ఉడకబెట్టు. అంతే."

"గుళ్లో తాగుడు మానమని మీరు చెప్పేది, ఇంట్లో సారాయిలోకి చేపలు నేను వండేది. బాగానే ఉంది సంబడం!"

"దొరకు తాగేదానికి సర్కారు పర్మిట్టుంది. మనమేమన్నా తాగుతామా? ఆయన సంతోషంగా పోతేనే మన గుడికి కప్పు."

ఆ మాటతో రెబెక్కమ్మ నిమ్మకాయ అందుకుంది. తుపానుకు గుడి కప్పు లేచిపోయి రెండేళ్లయింది. ఎండైనా వానైనా నెత్తి మీదే. మిషను తరఫున ఈ జర్మనీ దొర కిందటేడు చూడ్డానికి వచ్చి, ఆమె చేపల పులుసు నోట పెట్టి, దగ్గి దగ్గి, తెచ్చుకున్న సారాయంతా మంచినీళ్లలా గుటగుటా తాగేసి, కప్పు ఊసెత్తకుండానే కారెక్కాడు.

సారాయి సీసాల మీద మరియమ్మ, బాలయేసు బొమ్మలేమిటో ఆ దేశంలో! బొమ్మ ముచ్చటగా ఉందని రెబెక్కమ్మ ఆ ఖాళీ సీసా కడిగి దాచింది. ప్రభువు బల్ల ఆరాధనలో అందరికీ తలా గుక్కెడు ఇచ్చేందుకు నెలనెలా ఎండుద్రాక్ష ఉడికించి తీసే రసం అందులోనే పోస్తోంది. దానికీ మొగుడి సణుగుడే. "రసంలో తొక్కలు తేలతా ఉండాయి, వడగట్టే గుడ్డ మార్చవే" అనడమే తప్ప, కొత్త గుడ్డ తెచ్చిచ్చిన పాపాన పోలేదు.

ఈసారి దొర ముందురోజు సాయంత్రమే మళ్లీ అదే బొమ్మ ఉన్న సీసాతో వచ్చాడు. బిరడా తీసి వాసన చూసుకుని, మళ్లీ బిగించి, చల్లగా ఉంచమన్నాడు. పొద్దున అల్లూరు గుడి చూసి మధ్యాహ్నం భోజనానికి వస్తానన్నాడు. రెబెక్కమ్మ దాన్ని నీళ్లకుండ పక్కన తడి ఇసుకలో పూడ్చింది. ఆ ఎండలకు తన రసం పులిసిపోకుండా దాన్నీ అక్కడే పెట్టింది.

గుడిగంట మోగింది. సమాధానం ప్రభువు బల్లకని ఇసుకలోంచి సీసా లాగి చంకన పెట్టుకుని పరుగెత్తాడు. రొయ్యలు ఒలుస్తూ ఆమె ఆరాధనకు కూడా పోలేకపోయింది. ఎవరి కడుపు కోసమో ఈ పాట్లని ఏడుపొచ్చింది.

ఆరాధన ముగించి సమాధానం వెలిగిపోతూ వచ్చాడు. "తాగుడు మీద ప్రసంగం చేసినానే! క్రీస్తురాజు లేడూ, ఎప్పుడూ ఆరాధనలో కునికేవాడు, ఇయ్యాల గొంతెత్తి పాడినాడు. బల్ల దగ్గర ఏడ్చి, ఇంక చుక్క ముట్టనని ఒట్టేసినాడు. పరంజ్యోతమ్మ రసమిచ్చే వెండి గిన్నె పట్టుకుని ఒక పట్టాన వదల్లా!"

"చేపలు చల్లారిపోతా ఉండాయి. దొర ఏడి?"

"వస్తాడు. ఇదుగో, నీ రసం ఈసారి బలే కుదిరిందే. ఒక్క తొక్క లేదు!"

రెబెక్కమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. కాపురానికి వచ్చాక ఆయన నోట మొదటి మెచ్చుకోలు అది. పొద్దుటి చిరాకంతా ఎటు పోయిందో!

దొర వచ్చాడు. వంజరం ముక్క తిన్నాడు, రొయ్య తిన్నాడు, దగ్గలేదు. వచ్చీరాని తెలుగులో, "చాలా బాగుంది అమ్మా. దీనికి మా ద్రాక్షసారాయి తోడు కావాలి. అది తాగి, గుడి కప్పు మాట మాట్లాడుదాం" అన్నాడు.

సమాధానం కళ్లతోనే తొందరపెట్టాడు. రెబెక్కమ్మ సంబరంగా ఇసుకలోంచి సీసా తెచ్చి, బిరడా తీసి, దొర గాజుగ్లాసు నిండా పోసింది.

గ్లాసులో ఎండుద్రాక్ష తొక్క తేలింది.