హెల్వేషియా ఎక్కడుంది?

"ఫుట్‌బాల్ అనే మాట నీ నోట్లోంచి ఊడిపడిందో, ఈ పెళ్ళి ఇక్కడితో సరి నాన్నా!" పెళ్ళికొడుకు వాళ్ళ మేడ లిఫ్టు దగ్గర ఆపి మరీ చెప్పింది దున్యా.

"అబ్బ, రాదులేవే!" అన్నాడు రతోమిర్.

"ఇంతకుముందు నెనాద్ సంబంధానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడూ ఇదే మాటన్నావు. వాళ్ళ గాజు బల్ల పగిలింది. నెనాద్ మళ్ళీ కనబడలేదు."

ఎదుటివాడు తన జట్టుకు బద్ధశత్రువైన ఎరుపు-తెలుపు జట్టు మనిషని తెలిస్తే తన నోటికి హద్దూ పద్దూ ఉండదని రతోమిర్‌కీ తెలుసు. కాబోయే వియ్యంకుడిదీ ఆ జట్టే అయి ఉంటుంది, లేకపోతే పిల్ల ఇంతలా ఎందుకు భయపడుతుంది? ఆయనకు స్టాంపుల పిచ్చట. ఆ కబుర్లలో పడితే ఇంకో మాట ఎత్తడట. అందుకని రతోమిర్ కూడా వారం నుంచి స్టాంపులు పోగుచేస్తున్నాడు.

బెల్‌గ్రేడ్ వీధుల్లో ట్రాము నడిపిన చేతులతో పాత కవర్ల మీది స్టాంపులు నానబెట్టి ఊడదీశాడు. భార్య జుట్టు ఆరబెట్టుకునే మిషను పెడితే సగం ఎగిరిపోయి పొయ్యి వెనక పడ్డాయి. మిగిలినవాటిని చెక్కలు అతికించే జిగురుతో ఆల్బంలో అంటించాడు. ముసలితనంలో నాకిదేం ఖర్మరా అని తనను చూసి తానే నవ్వుకున్నాడు.

పెళ్ళికొడుకు వుకాన్ తండ్రి స్వెతొజార్ గుమ్మంలోనే కావలించుకుని, అక్కడి ఆనవాయితీగా చెంపల మీద మూడు ముద్దులు పెట్టాడు. "రండి రండి బావగారూ! మీ ఆల్బం కోసమే కాచుకుని కూర్చున్నా!" అంటూ ఆల్‌బుఖారా పళ్ళ సారా పోసి, తన ఆల్బం ముందుకు జరిపాడు. పిల్లలిద్దరూ కాఫీ వంకతో వంటింట్లోకి జారుకున్నారు.

"అంచులు ఎంత నున్నగా ఉన్నాయండీ! నావన్నీ ఎలక కొరికినట్టుంటాయి," అన్నాడు రతోమిర్.

"ఒక్కొక్కటీ కత్తెరతో కత్తిరించానండీ. అయినా మీ పనితనం ముందు ఎంత! గోరు పెట్టి లాగినా ఊడవే!"

"చెక్క జిగురండీ! మన మనవలు పీకినా రావు."

మనవల మాట వినగానే ఇద్దరూ గ్లాసులు తాకించుకున్నారు. పెళ్ళి కుదిరిపోయినట్టే అనిపించింది రతోమిర్‌కి.

"ఇదిగో, ఇది చూడండి. హెల్వేషియా! దొరకడం మహా కష్టం," అన్నాడు స్వెతొజార్.

"తెలియకేమండీ, ఆఫ్రికాలో చిన్న దేశం."

"ఆఫ్రికా ఏమిటి బావగారూ? దక్షిణ అమెరికా!"

"నాకు చెబుతారేమిటండీ? ఆఫ్రికానే!"

"మీరు వెళ్ళొచ్చారా?"

"మీరు వెళ్ళొచ్చారా?"

ఇద్దరూ లేచి నిలబడ్డారు. సారా సీసా దొర్లింది. వంటింట్లోంచి పిల్లలు పరుగెత్తుకొచ్చారు.

"నాన్నా! ఫుట్‌బాలేనా?" అని అరిచింది దున్యా.

"కాదే, హెల్వేషియా!"

వుకాన్ ఆల్బంలోకి తొంగిచూసి నెత్తి కొట్టుకున్నాడు. "అది స్విట్జర్లాండ్ నాన్నా! వాళ్ళ స్టాంపుల మీద దేశం పేరు లాటిన్‌లో అలాగే ఉంటుంది. అయినా అంచు పళ్ళు కత్తిరించడమేంటి, జిగురుతో అంటించడమేంటి? స్టాంపులు తెలిసినవాడెవడైనా ఇవి చూస్తే గొల్లుమంటాడు."

పెద్దమనుషులిద్దరూ మెల్లగా కూలబడ్డారు.

"అంటే మీకు స్టాంపుల పిచ్చి..." అన్నాడు రతోమిర్.

"నాకెక్కడిదండీ? మీకుందని మావాడు చెబితేనూ!"

"మీకుందని మా అమ్మాయి చెప్పింది!"

"స్టాంపుల కోసం ఎవరూ కొట్టుకోరనుకున్నాం," అంది దున్యా తల వంచుకుని.

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. స్వెతొజార్ కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు. "మరి నిజంగా మీకు దేని మీద పిచ్చి బావగారూ?"

దున్యా తండ్రి భుజం గట్టిగా నొక్కింది. కానీ సారా అప్పటికే పని చేసింది.

"ఫుట్‌బాల్!" అనేసి నాలుక కరుచుకున్నాడు రతోమిర్.

"ఫుట్‌బాలా? నేను జన్మలో చూడలేదండీ. ఒక్క బంతి కోసం అంతమంది అలా ఎగబడటమెందుకో, తలా ఒకటి కొనివ్వకూడదూ?" అన్నాడు స్వెతొజార్.

రతోమిర్ మొహం మాడిపోయింది. "ఇదా నువ్వు దాచింది?" అని గొణిగాడు కూతురి చెవిలో.

"చెబితే ఈ గడప తొక్కేవాడివా?"

"ఎరుపు-తెలుపు వాడైనా నయమే తల్లీ! చచ్చేదాకా పోట్లాడుకుంటూ హాయిగా బతికేవాళ్ళం. ఈయనతో జీవితాంతం ఏం మాట్లాడనే?"

దున్యా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రతోమిర్ ఆ కళ్ళకేసి చూశాడు, బల్ల మీది ఆల్బంలకేసి చూశాడు. నిట్టూర్చి కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"బావగారూ, ఆ స్విట్జర్లాండ్ మీ దగ్గర ఇంకొకటుందా? ఉంటే మార్చుకుందాం."